పేరంటాళ్ళు ముందుకి రండి

నేను ఒక కెమెరా లెన్సుని. కెమెరాని కాదు, ఆ తేడా మొదటే చెప్పేస్తున్నాను. కెమెరాలు వస్తుంటాయి, పోతుంటాయి. నా వెనక ఇప్పటికి నాలుగు మారాయి. చూసేది నేను, పేరు వాటిది. "అబ్బ, ఏం కెమెరా అండీ!" అని ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

పుట్టింది జపానులో. ఆరు గాజు బిళ్ళల్ని ఒక నల్లటి గొట్టంలో బిగించి నన్ను తయారు చేశారు. దూరంగా ఉన్నవాళ్ళని దగ్గరికి లాగే విద్య నాకు రాదు. ఎవరి ఫొటో కావాలన్నా ఫొటోగ్రాఫరు తన కాళ్ళతో వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళాల్సిందే. ఓడెక్కి మద్రాసు వచ్చి, అక్కణ్ణుంచి ఒక రేకు పెట్టెలో మండపేట చేరాను. మనుషులు పెళ్ళి చేసుకోవడం అక్కడే మొదటిసారి చూశాను. ఇన్నేళ్ళు చూసినా ఆ తతంగం నాకు పూర్తిగా అర్థం కాలేదు.

నా మొదటి యజమాని ముసునూరి గవర్రాజుగారు. ఆయన స్టూడియోలో గోడకి ఒక పరదా, దాని మీద రంగుల్లో రాజమహలు, పాలరాతి మెట్లు, రెండు హంసలు. కొత్త దంపతుల్ని ఆ మహలు ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి, "నవ్వకండి. పళ్ళు కనబడితే ఫొటో పాడైపోద్ది. ఊపిరి బిగబట్టండి," అని గద్దించేవారు. ఆ రోజుల పెళ్ళి ఫొటోల్లో జనం కోర్టులో తీర్పు కోసం నిలబడ్డట్టు ఉన్నారంటే ఆ పాపం కొంత ఆయనదే. చూపు మందగించాక నన్ను తన దగ్గర పనిచేసే పలివెల అప్పాజీకి ఇచ్చేశారు.

అప్పాజీ నాకు నచ్చాడు. ఫొటోలు ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, సెలూన్లో అని చెప్పేవాడు. నిజమే. గెడ్డం గీయించుకోవడానికి వెళ్ళినప్పుడు గుమ్మం వైపు తిప్పి కూర్చోబెట్టిన మనిషి ముఖం మీద వెలుగు ఎలా పడుతుందో గంటలకొద్దీ చూసేవాడట. తన వంతు వచ్చినా వెనకవాళ్ళని పంపించేసేవాడట. ఏ పెళ్ళికి వెళ్ళినా ముందు గుమ్మాలూ కిటికీలూ ఎక్కడున్నాయో చూసుకుని, ఆ తర్వాతే పెళ్ళికూతురు ఎక్కడుందో అడిగేవాడు.

ఇక ఫ్యాషన్లంటారా, అబ్బో! ఒక కాలంలో పెళ్ళికూతురి ముఖం తామరపువ్వులో ఉండాలి. కొన్నాళ్ళకి చందమామలోకి ఎక్కింది. మరి కొన్నాళ్ళకి ఇద్దరూ గాజు గ్లాసులో మునిగి తేలారు. కంప్యూటర్ వచ్చాక ద్రాక్షారామం దాటని జంటలు మంచుకొండల మీద పట్టుచీరల్లో నిలబడ్డారు, ఒక్కరికీ చలి వేసినట్టు లేదు. ఇప్పుడేమో క్యాండిడ్ అంటున్నారు. అంటే ఫొటో తీస్తున్నట్టు తెలియకుండా తీయడమట. "సహజంగా నవ్వండి" అని చెప్పి మూడుసార్లు నవ్వించి, నాలుగోది ఉంచుకుంటారు. ఊపిరి బిగబట్టమన్న గవర్రాజుగారే నయం, అబద్ధం చెప్పలేదు.

ఒక సంగతి మాత్రం ఏ కాలంలోనూ మారలేదు. పెళ్ళిలో ఎవరి మాటా ఎవరూ వినరు కానీ, ఫొటోగ్రాఫరు మాట అందరూ వింటారు. "ఒక్కడుగు వెనక్కండి" అంటే పంచాయతీ ప్రెసిడెంటు కూడా వెనక్కి జరుగుతాడు. ముహూర్తం దగ్గర పడగానే అప్పాజీ చెయ్యెత్తి గట్టిగా అనేవాడు: "పేరంటాళ్ళు ముందుకి రండమ్మా! మిగతావాళ్ళు కాస్త పక్కకి!" ముప్పయ్యేళ్ళు అదే కేక. పసుపుకుంకాలున్నవాళ్ళు నిండుగా ముందుకొచ్చి నిలబడేవారు. ఆ 'మిగతావాళ్ళు' ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. భర్త పోయినవాళ్ళు ఆ కేక వినగానే తమంతట తామే తప్పుకునేవారు. నా అంచున అప్పుడప్పుడు ఒక సగం భుజమో, ఒక ఉత్త చెయ్యో పడేది. ఆల్బమ్ చేసేటప్పుడు అప్పాజీ దాన్ని కత్తిరించేసేవాడు. అతనిది చెడ్డబుద్ధి అనను. ఆలోచించలేదు, అంతే. ఆలోచించకపోవడం కూడా తప్పేనని ప్రసూన పెళ్ళికి గాని అతనికి తెలియలేదు.

ప్రసూన తండ్రి పోయి పదకొండేళ్ళయింది. తల్లి మంగతాయారు అంగన్‌వాడీ టీచరు. ఊళ్ళో పిల్లలందరికీ అక్షరాలు నేర్పుతూ ఈ ఒక్క పిల్లని చదివించింది. పెళ్ళికూతుర్ని చేసిన రోజున అప్పాజీ ఫొటోలు తీస్తుంటే, ఆ అమ్మాయి కాళ్ళకి పారాణి ఆరకముందే అతన్ని పక్కకి పిలిచింది.

"బాబాయిగారూ, పెళ్ళికొడుకు వాళ్ళు హైదరాబాద్ నుంచి ఎవరినో తెస్తన్నారంట. ఎన్ని కెమెరాలైనా రానివ్వండి. నాకు మీరు ఒక్క ఫొటో తీసిపెట్టాలండి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మా అమ్మ నా పక్కన ఉండాలి."

అప్పాజీ నన్ను కిందకి దించాడు. "మీ పెదనాన్నగారితో అన్నావా తల్లీ?"

"అన్నానండి. అత్తారోళ్ళు ఏవనుకుంటారు, శుభమా అని పెళ్ళి చేసుకుంటా అదేం కోరికే అన్నారు. అమ్మయితే ఏకంగా ఒట్టేయించుకుంది, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదని. అందుకే నేనేం మాట్లాడలేనండి. మీరే ఏదోటి చెయ్యాలి."

"చూద్దాం," అన్నాడు అప్పాజీ. ఆ రాత్రి నన్ను మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఎప్పటికన్నా ఎక్కువసేపు తుడిచాడు. అరిగిపోతానేమోనని భయం వేసింది.

ముహూర్తం మర్నాడు పొద్దున్న పది నలభై రెండుకి. ఊరి చివర కొత్త కళ్యాణమండపం. కన్యాదానం పీటల మీద పెదనాన్న గంగరాజుగారు, ఆయన భార్య సుబ్బలక్ష్మి. తొమ్మిదిన్నరకి అప్పాజీ మంగతాయారు కోసం వెతికాడు. సామాన్ల గదిలో తాంబూలం సంచుల్లో అరటిపళ్ళు సర్దుతూ కనిపించిందావిడ. మీగడ రంగు పట్టుచీర, సన్నటి అంచు. కూతురు పట్టుబట్టి కొన్నది. కట్టుకోవడానికి ఒప్పుకుంది గానీ గది దాటడానికి ఒప్పుకోలేదు.

"అమ్మా, కాసేపు అలా మండపం దగ్గరికి రాకూడదండీ?" అన్నాడు అప్పాజీ.

"ఇక్కణ్ణుంచి మేళం వినబడతదిగా బాబూ, చాల్లెండి," అంది ఆవిడ, తలెత్తకుండానే.

పది ఇరవై అయింది. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టారు. పెళ్ళికొడుకు వైపు హైదరాబాద్ బృందం సర్దుకుంది. వాళ్ళ పెద్ద స్నిగ్ధ అనే అమ్మాయి, మెళ్ళో రెండు కెమెరాలు, కాళ్ళకి పరుగు తీసే బూట్లు. అప్పాజీ పెళ్ళికూతురి వైపు నిలబడ్డాడు. పది ముప్పై. ప్రసూన తలవంచుకునే ఓరకంట అతని వైపు చూసింది. ఒట్టు వేసింది కదా, నోరు విప్పలేదు. ఆ చూపుకి నాకు గుండె అంటూ ఉంటే ఆగేది.

పంతులుగారు "ఏడు నిమిషాలు" అన్నారు. పేరంటాళ్ళు అప్పాజీ కేక కోసం చూస్తున్నారు. అతను కేక వేయలేదు. నన్ను కిందకి దించి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆగండాగండి! కొంప మునిగింది. అమ్మాయి ముఖం నల్లగా పడిపోతందండీ!"

మండపం అంతా ఇటు తిరిగింది. పెళ్ళివారిని హడలగొట్టడానికి ఇంతకన్నా పెద్ద మాట లేదు. వంటలో ఉప్పు లేకపోయినా సర్దుకుంటారు గానీ, ముహూర్తం ఫొటోలో పెళ్ళికూతురి ముఖం నల్లగా పడితే ఇంకేమైనా ఉందా?

ఇక్కడే నా ప్రాణం పోయినంత పనైంది. అటువైపు నుంచి స్నిగ్ధ అంది: "లేదు అంకుల్, నాకైతే మంచిగనే వస్తుంది."

గంగరాజుగారు అప్పాజీ వైపు చూశారు. అప్పాజీ స్నిగ్ధ వైపు తిరిగాడు. "మీరు అటేపున్నారమ్మా. ఇటొచ్చి చూడండి ఓసారి."

ఆ పిల్ల చకచకా వచ్చి నాలోంచి చూసింది. నేను అబద్ధం చూపించలేను. ప్రసూన ముఖం పచ్చగా, నిండుగా, కడిగిన ముత్యంలా కనబడుతోంది. స్నిగ్ధ కన్ను తీసి అప్పాజీ ముఖంలోకి చూసింది. అతను సామాన్ల గది వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూశాడు. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో నాకు తెలియదు.

"అవ్ అంకుల్," అంది మెల్లగా. తర్వాత అందరికీ వినబడేలా, "మొత్తం డార్క్ ఉంది!"

క్యాండిడ్ వాళ్ళ మీద నాకున్న కోపం ఆ క్షణంతో పోయింది.

"కంగారేం లేదండి," అన్నాడు అప్పాజీ. "లేత రంగు చీర కట్టుకున్నవాళ్ళెవరైనా అమ్మాయి పక్కన నిలబడితే చాలు. ఆ వెలుగు ముఖం మీద పడద్ది."

అందరూ ఒకళ్ళ చీరలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎరుపు, ఆకుపచ్చ, వంగపండు రంగు, నెమలికంఠం. పేరంటాళ్ళలో లేత రంగు ఒక్కటీ లేదు. పీటల మీద నుంచి సుబ్బలక్ష్మి అంది: "తాయారుది మీగడ రంగే కదండీ?"

గంగరాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. "నువ్వు నోర్ముయ్. ఇదిగో, నా కండువా తెల్లగా ఉంది, ఎవరైనా పట్టుకోండి." అంటూ భుజం మీది కండువా తీసి అందించారు.

ఇదెవరూ అనుకోలేదు. అప్పాజీ దాన్ని అందుకుని, విప్పి, వెలుతురుకి ఎత్తి చూశాడు. "పల్చనండి బాబూ. వెలుగంతా ఇందులోంచి అటు పోద్ది. పట్టే కావాలి."

"నాలుగు నిమిషాలు," అన్నారు పంతులుగారు. "గంగరాజుగారూ, లగ్నం ఎవరి కోసమూ ఆగదు."

పెళ్ళికొడుకు తల్లి అటునుంచి, "ఎవరో ఒకర్ని పిలవండీ, అమ్మాయి ముఖం ముఖ్యం," అంది. గంగరాజుగారికి ఇక దారి లేకపోయింది. పళ్ళ బిగువున అన్నారు: "సరే, రమ్మనండి. ఫొటోలో పడకూడదు మరి, ముందే చెప్తన్నా."

"నేను చూసుకుంటానండి," అన్నాడు అప్పాజీ.

ఎవరో పరుగెత్తి మంగతాయారుని తీసుకొచ్చారు. ఆవిడ మెట్టు దగ్గరే ఆగిపోయింది. "నాకొద్దు బాబూ, నా వల్ల కాదు." కళ్ళనిండా భయం. మూడు నిమిషాలు. నాదస్వరం వాళ్ళు ఊపిరి పీల్చుకుని సిద్ధంగా ఉన్నారు. అప్పాజీ ఆవిణ్ణి బతిమాలలేదు. ఊరి ప్రెసిడెంటుతో మాట్లాడే గొంతుతో, "అమ్మా, నిలబడేది మీరు కాదు, మీ చీర. ఎక్కండి," అన్నాడు.

చీర కాబట్టి ఎక్కింది. మనిషిగా ఎక్కేది కాదు. కూతురి భుజం వెనక, ఎవరికీ తగలకుండా, ముడుచుకుని నిలబడింది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. నన్ను పూర్తిగా తెరిస్తే ఒక్క దూరంలో ఉన్నదే స్పష్టంగా చూస్తాను. దాని ముందూ వెనకా ఉన్నదంతా మసకబారుతుంది. పెళ్ళికూతురే స్పష్టంగా ఉండాలన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. అప్పాజీ ముప్పయ్యేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

"సుముహూర్తం!" అన్నారు పంతులుగారు. గట్టిమేళం మోగింది. ప్రసూన చెయ్యి జీలకర్ర బెల్లంతో తెర మీదుగా పెళ్ళికొడుకు తలమీదకి వెళ్ళింది, అతని చెయ్యి ఈమె తలమీదకి వచ్చింది. అప్పాజీ వేళ్ళు నా చూపుని ప్రసూన మీద నిలిపి ఉంచాయి. అప్పుడు వెనక మంగతాయారు తలెత్తింది. కూతురి తలమీద ఉన్న ఆ చేతిని చూసింది. తెలియకుండానే తన అరచెయ్యి పిల్ల వీపు మీద ఆనించింది. నలువైపుల నుంచీ వేసిన అక్షింతలు కూతురి మీదా పడ్డాయి, ఆవిడ మీదా పడ్డాయి. పదకొండేళ్ళలో ఆవిడ మీద అక్షింత పడటం అదే మొదలు అనుకుంటాను. అప్పాజీ నన్ను వేలెడు తిప్పాడు. పెళ్ళికూతురు మసకబారింది. తల్లి ముఖం, కనురెప్పకి అంటుకున్న ఒక బియ్యపుగింజతో సహా, స్పష్టంగా నిలిచింది. నొక్కాడు.

రెండోది నొక్కేలోపే ఆవిడ మెట్లు దిగిపోయింది.

అదే నా ఆఖరి మంచి ఫొటో. గోదావరి తేమకి నా గాజు లోపల అప్పటికే బూజు పట్టింది, తుడిస్తే పోయేది కాదది. ఆ పెళ్ళి కాగానే నన్ను స్టూడియోలో అద్దాల బీరువాలో పెట్టారు. ఇప్పుడు అప్పాజీ పెళ్ళిళ్ళకి వేరే లెన్సుతో వెళ్తున్నాడు. కేక మాత్రం మారిందని విన్నాను. "అందరూ ముందుకి రండి" అంటున్నాడట.

ప్రసూన పెళ్ళయిన ఇరవై రోజులకి ఒక పొద్దున్న మంగతాయారు ఒక్కతే స్టూడియోకి వచ్చింది. అంగన్‌వాడీకి వెళ్ళేముందు వచ్చినట్టుంది, చేతిలో హాజరు పుస్తకం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాబూ, అమ్మాయి ఆ ఫొటో గోడకి పెట్టించుకుంటదంట. అత్తారింట్లో. మా బావగారు ఇప్పటికీ నాతో మాట్టాడ్డం లేదు. రేపు వాళ్ళింట్లో ఏదన్నా జరగరానిది జరిగితే నా ముఖమే గుర్తొస్తది కదండీ అందరికీ. నేను లేకుండా చేసివ్వండి. మీరు చెయ్యగలరంట, ఎవరో చెప్పారు."

అప్పాజీ చెయ్యగలడు. రెండు నిమిషాల పని. అచ్చువేసిన ఫొటో తెచ్చి ఆవిడ ముందు బల్లమీద పెట్టాడు. "ఓసారి చూసి చెప్పండమ్మా. ఎక్కడిదాకా తియ్యమంటే అక్కడిదాకా తీసేస్తాను."

ఆవిడ వంగి చూసింది. భర్త పోయాక తన ఫొటో ఒక్కటీ లేదు, రేషన్ కార్డు మీది నల్లటి ముద్ర తప్ప. ముందున్న కూతుర్నీ అల్లుణ్ణీ చూడలేదు. తననే చూసుకుంది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. కనురెప్ప మీది గింజ దగ్గర వేలు ఆనించింది. బయట రోడ్డు మీద కోళ్ళ లారీ ఒకటి అరుచుకుంటూ వెళ్ళిపోయింది. ఎక్కడిదాకా కత్తిరించమంటుందో అని నేను బీరువాలో బిగుసుకుపోయాను.

"ఇదేనా సైజు?" అంది మంగతాయారు. "ఇంకాస్త పెద్దది చెయ్యండి."