కరి వేపాకు

వైద్యం లింగస్వామి కోదాడలో పుట్టి, మిర్యాలగూడలో రోగుల కరువుతో దుకాణం మూసి, 1949 వేసవిలో సూర్యాపేటను ఉద్ధరించడానికి విచ్చేశాడు. ఈ ఊరు కూడా ఉద్ధరింపబడటానికి నిరాకరిస్తే, తిరిగి కోదాడ చేరి బావమరిది కొట్టులో శొంఠి దంచుకుంటూ బతకాలి. ఆ మహావిపత్తుకు అడ్డుగా నిలిచిన రోగి ఒక్కతే: వాడకట్టంతా ఎవరి మాట వింటుందో ఆ లక్ష్మీనర్సమ్మ.

ఆమెకు ఆకలి లేదు, నోటికి రుచి లేదు. లింగస్వామి నాడి పట్టి, కళ్లు మూసి, ‘అగ్నిమాంద్యం’ అన్న మాటను మూడు స్థాయుల్లో మూడుసార్లు పలికి, "కరివేపాకు, తల్లీ! పరగడుపున గుప్పెడు నూరి మజ్జిగలో పుచ్చుకోండి. జఠరాగ్ని దావానలమవుతుంది" అని సెలవిచ్చాడు. ఆ పత్రరాజం పైత్యాన్ని అణచే విధమూ, కేశాలను కాచే విధమూ వర్ణిస్తుండగా ఆమె ఆవలించింది.

పన్నెండో నాడు కోడలు యాదమ్మతో కలిసి వచ్చింది. అత్త ముఖం చూడగానే లింగస్వామికి శొంఠి వాసన తగిలింది.

"ఏం మందయ్యా అది! నాలికె సచ్చిపాయె. కరి అంటే నలుపాయె, ఆ నల్ల వేపాకు కోసం పెన్‌పహాడ్ దాంక మనిషిని తోలిన, యాడ దొరకలే. ఇగ మామూలు వేపాకులనే ముదురుది సూసి నూరుకున్న."

లింగస్వామి మనసులోనే కోదాడకు మూట కట్టుకున్నాడు.

"గని నీ చెయ్యి మంచిదయ్యా. ఆ చేదు తాగినంక ఏది తిన్నా బెల్లమే! మా యాదమ్మ పప్పు మొన్న మూడుసార్లు ఏసుకున్న. వాడకట్టంత చెప్పిన, రేపటి సంది అందరొస్తరు. ఇగ ఆపుదునా?"

సత్యం లింగస్వామి గొంతు దాకా వచ్చింది. "తల్లీ, నేను చెప్పింది..."

"అత్తమ్మా! నీ చెప్పు కుక్క ఎత్కపోతున్నది!" అని యాదమ్మ కేక వేసింది.

అత్త బయటికి ఉరికింది. యాదమ్మ కొంగులోంచి ఒక రెమ్మ తీసింది. "మీరు చెప్పింది గిది గదా? మేం కల్యామాకంటం. నాకు మొదటి దినమే సమజైంది. పదేండ్ల సంది నా వంటకు వంకలు పెట్టిన మనిషి, బాగున్నదని మొన్ననే అన్నది. మీ కాల్మొక్త, చెప్పకుండ్రి."

అత్త చెప్పుతో తిరిగొచ్చింది. "కుక్కా లేదు, నక్కా లేదు! ఆపుదునా, వద్దా?"

లింగస్వామి కళ్లు మూసి ధన్వంతరికి క్షమాపణ చెప్పుకున్నాడు. "రోజుకు రెండాకులు చాలు, ఇంకో వారం. పైన కోడలి పప్పు. అందులో కల్యామాకు మాత్రం ఏరి కంచం అంచున పెట్టకుండా నమలాలి."

"తాలింపుల ఆకు! అది గూడ మందేనా?"

"మందు కాదు తల్లీ," అన్నాడు లింగస్వామి గంభీరంగా. "పథ్యం."