చివరి అర్థం రాయని కార్డు

పొద్దున్నే ఆఫీసు తలుపు తీయగానే ఊడ్చే ఆవిడ ముందు బల్లల కింద చూస్తుంది. ఫ్రెంచి నిఘంటువు తయారయ్యే చోటది. ఒక్కో మాటకి ఒక్కో కార్డు. పాత అర్థం ముందు, కొత్తది చివర రాయాలి. ఏ అర్థం రాస్తే, సిరా ఆరేసరికి ఆ వస్తువు కార్డులోంచి జారి పడుతుంది. మొన్న లెక్క అనే మాటకి లాటిన్‌లో మూలం 'గులకరాయి' అని రాస్తే గంపెడు గులకరాళ్ళు రాలాయి.

"రాళ్ళు నయం," అంది ఆవిడ. "పోయినేడు మేక పడింది. 'ఎమ్' అక్షరం దాకా కార్డులు మేసేసింది."

కార్డులు రాసే అమ్మాయికి నవ్వు రాలేదు. ఇంట్లో వాళ్ళ నాన్న మెతుకు ముట్టి పదకొండు రోజులైంది. ముప్పయ్యేళ్ళు లారీ తోలిన మనిషి. గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఏం పెట్టబోయినా పెదవులు బిగిస్తాడు.

ఆ రోజు ఆమె వంతుకి 'వియాతీక్' వచ్చింది. లాటిన్‌లో 'వియా' అంటే దారి. దాన్నుంచి పుట్టింది 'వియాతికుమ్', దారిబత్తెం. దాన్నే ఫ్రెంచివాళ్ళు అరువు తెచ్చుకున్నారు. మొదటి అర్థం రాసింది: ప్రయాణానికి కట్టుకెళ్ళే తిండి. సిరా ఆరింది. బల్ల మీద గుడ్డమూట పడింది. లోపల రొట్టె, ఇంకా వెచ్చగా.

చివరి అర్థం మిగిలింది: పోయే మనిషి నోట్లో చర్చి గురువు పెట్టే ఆఖరి ముద్ద. ఆమె కలానికి మూత పెట్టేసింది.

"అర్థాలన్నీ రాసేదాకా వస్తువు గడప దాటకూడదు. తెలుసుగా తల్లీ," అన్నాడు కార్డులు సరిచూసే పెద్దాయన, అద్దాల మీంచి చూస్తూ.

"తెలుసండీ."

మూట సంచీలో కుక్కుకుంది. ఆ అర్థం రాయకపోతే అది ఉత్త తిండేనని ఆమె ధైర్యం.

ఇంటికెళ్ళి మూట విప్పగానే నాన్న ఇటు తిరిగాడు.

"ఎవరు కట్టారే ఇది?"

"నేనే నాన్నా."

రొట్టె మొత్తం తిన్నాడు. రాలిన పొడి కూడా వేలికి అద్దుకుని తిన్నాడు. గుమ్మంలో నిలబడ్డ అక్క, "గండం గడిచిందే," అని కళ్ళు తుడుచుకుంది.

"బూట్లివ్వమ్మా," అన్నాడు నాన్న.

వీధిలో నాలుగడుగులు వేస్తాడు కాబోలనుకుని తనే వంగి తొడిగింది. తాళ్ళు కట్టింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి అక్కే దాన్ని మెల్లగా తీసింది.

వారం తర్వాత ఆమె ఆఫీసుకొచ్చి చివరి అర్థం రాసింది. ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని పక్కనే నిలబడింది. సిరా ఆరింది.

"ఏమీ పడలేదేంటమ్మా?"

"నేను ముందే ఇంటికి పట్టుకెళ్ళాను," అంది అమ్మాయి.