బీరువాలో మోగిన షిఫ్టు

మీరే చేశారు. ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేయించిందీ మీరే, ఫోన్లో జవాబివ్వలేదని మా అక్కకి పని మీద ఆసక్తి లేదని రాసుకున్నదీ మీరే. ఒకే హెచ్చార్ గది, ఒకే బల్ల, ఒకే సంతకం. ఇప్పుడు మాకేం తెలీదంటే ఎవడు నమ్ముతాడు?

తెలియనివాళ్ళ కోసం మొదట్నుంచీ చెబుతాను. మాది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. నేను రోలరు ఇస్త్రీ దగ్గర, అక్క మడతల బల్ల దగ్గర. ఇక్కడ మూడు షిఫ్టులకి మూడు రంగుల ఏప్రాన్లు ఉండేవి. పొద్దుటిది పసుపు, మధ్యాహ్నానిది నీలం, రాత్రిది నలుపు. తలుపు పక్కన కొక్కేలకి వేలాడేవి. షిఫ్టు మార్చుకోవాలంటే ఇద్దరూ ఏప్రాన్లు మార్చుకోవడమే.

"పిన్నీ, రేపు నీ నలుపు నాకియ్యవే, నా నీలం నువ్వు కట్టుకో."

"కట్టుకుంటాలే గానీ, పోయినసారి నీ జేబులో చెయ్యిపెడితే నమిలి దాచిన చూయింగ్ గమ్ము తగిలింది. ముందు అది కడుక్కురా."

నవ్వులు. తర్వాత ఒకరి నాడా ఒకరు ముడి వేసేవాళ్ళు. ముడి పడిందంటే మాట పడ్డట్టే. సూపర్వైజరు రంగులు చూసుకుని తన పని తాను చేసుకునేవాడు. ఏ షిఫ్టూ ఖాళీగా పోలేదు, ఎవరూ ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు.

మా అక్కకి పసుపు తప్ప ఇంకోటి పనికిరాదు. దాని కూతురికి వ్యాను గుద్ది తొడ ఎముక విరిగింది. ఎముక అతికింది గానీ నడక రాలేదు. నడక నేర్పించే చోటు మధ్యాహ్నాలే తెరుస్తారు. అక్క షిఫ్టు దిగడం, పిల్లని చంకనేసుకుని పరిగెత్తడం. అక్కడ రెండు కమ్మీల మధ్య నిలబెట్టి నడిపిస్తారు. పిల్ల ఒక చెయ్యి కమ్మీ మీంచి తీసేసిన రోజున అక్క మొహం చూడాలి! "రెండోది కూడా వదిలేసిందంటే చాలురా తమ్ముడూ, ఇంకేం అడగను" అంది. మధ్యలో మానేస్తే కాలు బిగుసుకుపోతుందని అక్కడి డాక్టరమ్మ ముందే హెచ్చరించింది.

ఈలోగా ట్రెండు మేడమ్ మళ్ళీ ఊడిపడింది. హెచ్చార్‌కి పెద్దావిడ. ఏటా ఒక ట్రెండు మోసుకొస్తుంది కాబట్టి మేం పెట్టుకున్న పేరది. ఒక ఏడు ఆనంద వారమంది. రోలర్ల పైన బెలూన్లు కట్టించింది. ఆవిరి వేడికి అవి ఢాంఢామ్మని పేలుతుంటే ఆనందం సంగతి దేవుడెరుగు, గుండెలు జారిపోయాయి. ఇంకో ఏడు గుమ్మం దగ్గర నవ్వు మొహం బటనూ, ఏడుపు మొహం బటనూ పెట్టించింది. ఏడుపు బటను నొక్కినొక్కి అరిగిపోతే, దాన్ని బాగుచేయించకుండా పీకేయించింది. ఈ ఏడు వచ్చింది వెసులుబాటు.

"ఉద్యోగాల ప్రపంచం మారిపోతోంది. అందరూ స్వేచ్ఛ అడుగుతున్నారు. మనమే వెనకబడిపోయాం" అంది తెర మీద బొమ్మలు చూపిస్తూ. "ఇకనుంచి మీ షిఫ్టు మీరే ఎంచుకోవచ్చు, మీ ఫోన్లోనే!"

"ఇప్పుడూ మేమే ఎంచుకుంటున్నాం కదమ్మా" అంది అక్క.

"అది పద్ధతి కాదు. ఇది పద్ధతి."

రంగుల ఏప్రాన్లూ, గోడ మీది కొక్కేలూ పోయాయి. అందరికీ ఒకే బూడిదరంగు వచ్చింది, ఛాతీ మీద 'నా వేళ నా ఇష్టం' అని అచ్చుతో. వచ్చే వారం షిఫ్టుల్ని యాప్ ఒక పొద్దున ఫోన్లలోకి వదులుతుంది. ముందు నొక్కినవాళ్ళకి ముందు. బాగుంది. కానీ ఆ వేళ పొద్దుటి షిఫ్టు వాళ్ళ ఫోన్లెక్కడుంటాయి? గేటు దగ్గర బీరువాలో. ఎందుకంటే పోయినేడు ఒక ఫోను దుప్పట్లో చుట్టుకుని రోలర్లోకి పోయి అప్పడమైపోయింది. అది మాది కాదు. మేం పనిచేస్తుంటే వీడియో తియ్యబోయిన కంపెనీ పెద్దసారుది! శిక్ష మాత్రం మాకు.

యాప్ షిఫ్టులు వదిలింది. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు నొక్కేశారు. మాకు మధ్యాహ్నాలు మిగిలాయి. పోనీ వచ్చే వారం చూద్దామంటే, పోయినసారి జవాబివ్వనివాళ్ళకి 'ఆసక్తి తక్కువ' అని గుర్తు పడిందట, వాళ్ళకి అందరూ ఏరుకున్నాకే చూపిస్తుందట. పైగా అక్కని ఉత్సాహం పెంచే క్లాసుకి రమ్మంది. అక్కకి ఉత్సాహం తక్కువా! దుప్పటి రెండు కొసలు పట్టి దులిపితే పక్క బల్ల మీది కాగితాలు ఎగిరిపోతాయి.

పిల్ల కమ్మీల దగ్గరికి వెళ్ళడం ఆగిపోయింది. ఇంట్లో గోడ పట్టించి నడిపించబోతే, వదిలిన చెయ్యి కూడా మళ్ళీ గట్టిగా పట్టుకుంది. "అమ్మా, కాలు రావట్లేదే" అంది.

ఇవాళ మధ్యాహ్నం షిఫ్టు గంటకి ముందే అక్కనీ నన్నూ గేటు దగ్గర కాపలా ఉండే తాత లోపలికి పంపాడు. ఫోన్లు బీరువాలో పడేసి మేడమ్ గదికి వెళ్ళాం.

"మీకు ఆసక్తి లేదని చూపిస్తోందమ్మా" అంది మేడమ్ తెర చూస్తూ.

"నా ఫోనెక్కడుందో అదేమైనా చూపిస్తోందా?"

"మీ దగ్గరే ఉంటుంది కదా."

"మీ బీరువాలో ఉంది."

"అది భద్రత పాలసీ. ఇది వెసులుబాటు పాలసీ. రెండూ వేరు."

"సంతకం వేరా మేడమ్?" అన్నాను.

అక్క బల్ల మీదికి వంగింది. "ఇప్పుడొక షిఫ్టు పంపండి. ఉత్తిదే. పంపి మాతో రండి."

పంపింది. గేటు దగ్గరికి నడిచేసరికి ఇనప బీరువా ఊగిపోతోంది. లోపల ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారే మోత. షిఫ్టు దిగి ఫోన్ల కోసం వచ్చినవాళ్ళంతా చుట్టూ నిలబడి నవ్వుతున్నారు. తాత చెవులు మూసుకున్నాడు.

"షిఫ్టులు వదిలిన రోజూ ఇదే గోలమ్మా! ఎవరింట్లో ఏమైందోనని నా ప్రాణం పోయింది. షిఫ్టు మధ్యలో తాళం తియ్యడానికి నాకు హక్కు లేదాయె."

రాత్రి షిఫ్టు పిన్ని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఈ వారం అక్క పొద్దుటి షిఫ్టు ఈవిడకే పడింది. "ఎవరిక్కావాలే నీ పొద్దున్న! నిద్రలో ఉంటే ఫోను అరిచింది, నోరు మూయిద్దామని నొక్కాను. తెల్లారగట్ల లేవలేక చస్తున్నాను. నా నలుపు నాకిప్పించండి, మీకు పుణ్యముంటుంది."

మేడమ్ గొంతు సవరించుకుంది. "కొత్త వెర్షన్‌లో చూద్దాం. అప్పటిదాకా యాప్‌లో ఫిర్యాదు పెట్టండి."

"ఏ ఫోన్లో పెట్టమంటారమ్మా?" అన్నాడు తాత.

మేడమ్ తిరిగి వెళ్ళిపోయింది. అక్క ఏడవలేదు. బూడిద ఏప్రాన్ విప్పి నా చేతిలో పెట్టి, నేల తుడిచే గుడ్డల సంచిలోకి చెయ్యి దూర్చింది. పాత ఏప్రాన్లు అందులోనే కుక్కారు. పసుపుదొకటి లాగింది, నల్లదొకటి లాగి పిన్ని మీదికి విసిరింది. ఒకరి నాడా ఒకరు ముడి వేసుకున్నారు. మిగతావాళ్ళు సంచి బోర్లించి ఎవరి రంగు వాళ్ళు ఏరుకున్నారు.

కాబట్టి హెచ్చార్ గదిలో ఉన్నవాళ్ళకి చెబుతున్నాం, ట్రెండులు తర్వాత చూసుకోండి. రేపు పొద్దున అక్క పసుపు కట్టుకుని గేటు దగ్గరికి వస్తుంది, పిన్ని ఇంట్లో పడుకుంటుంది. అక్కని ఆపొద్దు. 'ఆసక్తి తక్కువ' అని ఎంతమందికి గుర్తు పెట్టారో అందరికీ గంట కొట్టేలోపు చెరిపెయ్యండి. కొక్కేలు మళ్ళీ గోడకి కొట్టించండి. మధ్యాహ్నం అక్క కమ్మీల దగ్గర ఉండాలి. గేటు తియ్యండి.