పదకొండో పేజీలో గన్నేరు

"పసిపిల్లలకు విషం తినిపిస్తున్నరు మీరు. బొమ్మేసి మరీ తినిపిస్తున్నరు."

ఎవాంజెలిన్ కొత్త పుస్తకాన్ని బల్ల మీద పడేసింది. రాయదుర్గంలో తొమ్మిదో అంతస్తు, ఏసీ గది. బల్లకవతల పిల్లల పుస్తకాల కంపెనీ నడిపే ఉమాశ్రీ, పేజీలు కూర్చే చైతన్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పదకొండో పేజీ. పాప కొమ్మ వంచి కాయ కొరుకుతోంది. కింద పెద్దక్షరాల్లో: అందింది. కోసింది. తియ్యగుంది.

పాప ఎవాంజెలిన్ గీసిందే. బోరబండ ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని నాలుగు నెలలు గీసింది. చెట్టే తనది కాదు. తను వేసింది రేగుచెట్టు. ఇక్కడున్నది పచ్చ గన్నేరు. పసుప్పచ్చ పూలు, నున్నటి ఆకుపచ్చ కాయలు, కాయలో విషప్పప్పు. చెట్టు పేరు తెలియనివాళ్ళు చెట్ల పుస్తకం వేస్తున్నారు.

"రేగుపళ్ళు స్క్రీన్ మీద మట్టిరంగులో డల్‌గా ఉన్నాయండి," అన్నాడు చైతన్య. "కింద రోడ్డు డివైడర్ మీద పూలచెట్టు బాగుందని ఫోటో తీసి, అది చూసి మార్చాను. గన్నేరని నాకేం తెలుసండి?"

"గన్నేరు తెల్వదా? ఏ ఊర్ల పుట్టినవ్ తమ్మీ?"

"విజయవాడండి. అపార్ట్‌మెంట్‌లో."

ఉమాశ్రీ ఫోన్ తిప్పి చూపించింది. "మార్చిన బొమ్మ మీకు పంపాం కదండీ. మీరే సరేనని బొటనవేలు గుర్తు పెట్టారు."

ఎవాంజెలిన్ ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది. నిజమే. కంప్యూటర్లో పాపనొక లేయర్‌లో, చెట్టునొక లేయర్‌లో విడిగా పంపాలి. అదీ ఆఫీసు పద్ధతి. తర్వాత ఎవరికేది నచ్చకపోతే అది మార్చుకుంటారు. మార్చిన బొమ్మ వచ్చినప్పుడు తను రైల్లో నిలబడి ఉంది. ఫోన్లో గోరంత బొమ్మ. పాప నవ్వు ఒక్కటే చూసుకుని నొక్కేసింది.

"నొక్కిన. తప్పు నాది గూడ. అయితే ఏంది, పిల్లలు తినాల్నా?"

"రెండో ముద్రణలో సరిచేద్దాం," ఉమాశ్రీ గొంతు తగ్గించింది. "బొమ్మ చూసి నిజంగా ఎవరు తింటారండీ?"

"తింటరు మేడం. అందుకే గదా మనం బొమ్మలేసేది. నేను దానిమ్మ గీస్తే మా అక్క బిడ్డ పేజీనే నాకింది."

చైతన్య ఫోన్ మోగింది. విని పెట్టేశాడు. "పుస్తకాల వ్యాన్ బాచుపల్లి బయల్దేరిందండి. పదకొండింటికి స్కూల్లో పంచుతారట."

గోడ గడియారంలో పదిన్నర.

"మేడం," అన్నాడు మళ్ళీ, తల వంచుకుని. "మొన్న వెళ్ళినప్పుడు చూశాను, ఆ స్కూల్ గేటు పక్కన ఇవే చెట్లండి. పిల్లలకందేంత ఎత్తులో."

ఉమాశ్రీ చెయ్యి ఫోన్ వైపు కదిలి మధ్యలో ఆగింది. "కంపెనీ పేరు..."

ఎవాంజెలిన్ లేచి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"పేరు సంగతి తర్వాత చూస్కోండ్రి. తమ్మీ, డ్రైవర్‌కు ఫోన్ కొట్టు, బండి ఎక్కడుంటే అక్కడ్నే ఆపమను. మేడం, మీరు హెడ్‌మాస్టర్‌కు చెయ్యుండ్రి. స్టిక్కర్లు, సవరణ చీటీలు నాకు చెప్పొద్దు. ఒక్క పుస్తకం గూడ పిల్లల చేతికి పోవద్దు. గేటు కాడి చెట్ల దిక్కు పిల్లలను పోనియ్యొద్దని చెప్పుండ్రి. బొమ్మ ఎవరు ఓకే చేసిండ్రని అడిగితే నా పేరు చెప్పుండ్రి. ఇప్పుడే చెయ్యాలె. నా ముందల."