పక్కన పెట్టిన పిడికెడు మన్ను

చెన్నైలో ఓడ కార్మికుల బాగోగులు చూసే సంఘం ఒకటుంది. నడిసముద్రంలో మనవాడెవడికైనా కష్టమొస్తే, మన మాటలో ధైర్యం చెప్పమని వాళ్లు నాకు ఫోన్ చేస్తారు. ఇరవై రెండేళ్లు ఓడ ఇంజన్ రూంలో చమురు పూసుకుని బతికినవాణ్ని. ఇప్పుడు రాయదుర్గంలో, జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్ల చప్పుడు మధ్య కూర్చుని ఆ పని చేస్తుంటాను. తాగే నీళ్లకే కటకటలాడే ఊళ్లో సముద్రం గొడవేమిటని మా ఆవిడ కృపాకుమారి నవ్వుతుంది.

మొన్న బుధవారం కబురు చెన్నై నుంచి రాలేదు, మా పక్క వీధి నుంచే వచ్చింది. మద్దిలేటి పొద్దున్నే గుండె ఆగి పోయాడు. అతని ఒక్కగానొక్క కొడుకు వీరేష్ సరుకు ఓడలో పనిచేస్తున్నాడు. ఓడ రేవుకు చేరడానికి ఇంకా తొమ్మిది రోజులు, వాడి ఒప్పందం తీరి ఇల్లు చేరడానికి నాలుగు నెలలు. సాయంత్రం నాలుగింటికి పూడ్చిపెట్టాలని పెద్దలు తేల్చేశారు.

మద్దిలేటి భార్య చిన్నక్క నా రెండు చేతులూ పట్టుకుంది.

"యేసన్నా, నా కొడుక్కు చెప్పొద్దు. ఒంటిగా ఉండాడు ఆడ. ఏమన్నా చేసుకుంటే నాకెవరు దిక్కు? నాలుగు నెల్లకు వస్తాడు గదా, అప్పుడు చెప్తాం. ఫోన్ చేస్తే నాయన సేను కాడికి పోయినాడని నువ్వే చెప్పు. నీ మాటైతే నమ్ముతాడు."

సేను కాడికి పోయినాడు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట అచ్చం ఇదే మాట నాకూ చెప్పారు.

అప్పట్లో ఓడ రాటర్‌డ్యాం రేవుకు చేరితే నావికుల క్లబ్బుకు పరిగెత్తేవాణ్ని. అక్కడొక పెద్దావిడ వేడి టీ ఇచ్చి ఫోన్ చూపించేది. మా ఇంట్లో ఫోన్ ఎక్కడిది? నాగేశ్వరయ్య శెట్టి బట్టల కొట్లో ఎస్టీడీ బూత్ ఉండేది. నెలలో మొదటి ఆదివారం, ఏ రేవులో ఉన్నా ఆ నంబరుకే చేసేవాణ్ని. చర్చి విడిచాక మా నాయనా, కృపా అక్కడికొచ్చి కూర్చునేవాళ్లు. సెలవు రోజైనా శెట్టి వాళ్ల కోసం ఒక తలుపు తెరిచి ఉంచేవాడు. ఫోన్ ఎత్తగానే ముందు ఆయన గొంతే.

"ఏమప్పా యేసన్నా, బువ్వ తింటివా?"

వాన పడిందో లేదో, శనక్కాయలు ఎట్లా కాశాయో, ఎవరి ఆవు ఈనిందో అంతా చెప్పి గానీ నాయనకు ఇచ్చేవాడు కాదు. నాయన రిసీవర్ తలకిందులుగా పట్టుకుని అరుస్తుంటే శెట్టి తిట్టి సరిచేసేవాడు. ఆ పది నిమిషాలతో నెలంతా గడిపేవాణ్ని. ఇప్పటి పిల్లలు రోజూ వీడియోలో చూసుకుంటారు గానీ, ఆ సంబరం వేరు.

ఒక నెల నాయన రాలేదు. "సేను కాడికి పోయినాడప్పా" అన్నాడు శెట్టి. మరుసటి నెలా అదే మాట. కృప గొంతు బొంగురుపోతే జలుబంది. నేను వెర్రివాడిలా నాయనకు ఉన్ని టోపీ కొన్నాను. ఐదు నెలలకు ఇల్లు చేరి, పెట్టె విప్పి ఆ టోపీ తీశాక, అప్పుడు చెప్పారు నాయన పోయాడని.

తిన్నగా కొట్టు మీదికి పోయి గిరాకీల ముందే శెట్టిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన గల్లాపెట్టె వెనక నుంచి రెండు ముళ్లేసిన గుడ్డమూట తీసి నా ముందు పెట్టాడు. మా పక్క పూడ్చేటప్పుడు కొడుకు పిడికెడు మన్ను వెయ్యాలి.

"నీ పిడికెడు తీసిపెట్టినా యేసన్నా. నీ తావులో ఎవరినీ ఎయ్యనీలేదు. మిషన్ల మధ్య పనిచేసేవానివి, ఈ మాట ఇని యాడ చెయ్యి పెడతావో అని భయపడినా."

మూట తీసుకుపోయి సమాధి మీద మన్ను వేశాను. కానీ ఆ తర్వాత ఆయన బతికిన పంతొమ్మిదేళ్లూ ఆ కొట్టు గడప తొక్కలేదు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

"వానికి నేను చెప్తా చిన్నక్కా" అన్నాను. "ఒంటిగా విననీను. అది నా పూచీ."

చెన్నై సంఘానికి ఫోన్ చేశాను. వాళ్లు ఓడ కెప్టెన్‌తో మాట్లాడి వీరేష్‌ను డ్యూటీ నుంచి తప్పించారు. రెండు గంటలకు ఫోన్ కలిసింది.

"వీరేషా, పక్కన ఎవరుండారు?"

"మన కుక్ అన్న ఉండాడు మామా, శ్రీకాకుళమాయన. కెప్టెనూ ఉండాడు. ఏమైంది?"

"కూర్చో రా. మీ నాయన పొద్దున పోయినాడు."

ఇంజన్ రొదలోంచి వాడి ఏడుపు వినబడింది. ఏడవొద్దని నేను అనలేదు. చిన్నక్క ఫోన్ లాక్కుంది. తల్లీకొడుకులు కలిసి ఏడ్చారు. ఫోన్ మళ్లీ నా చేతికొచ్చాక వాడు అడిగాడు.

"మామా, మన్ను ఎవరేస్తారు?"

"నీ పిడికెడు తీసిపెడతా. వచ్చి నీ చేత్తో ఎయ్యి."

"నాలుగు నెల్లు పడతాది మామా."

"పడనీ. మన్ను యాడికి పోతాది?"

పూడ్చిన చోట పిడికెడు తీసి జీన్సు గుడ్డపేలికలో కట్టాను. చూసుకుంటే శెట్టిలాగే రెండు ముళ్లు వేశాను. ఇంటికి పోబుద్ధి కాలేదు, శెట్టి కొట్టుకు నడిచాను. ఇప్పుడక్కడ ఆయన కొడుకు వేణుగోపాల్ సెల్‌ఫోన్లు అమ్ముతున్నాడు. ఇన్నేళ్లకు ఆ గడప ఎక్కాను. బువ్వ తింటివా అని అడిగే మనిషి పటంలో ఉన్నాడు.

"ఇది ఈడ పెడతావా వేణూ? నాలుగు నెల్లకు మద్దిలేటి కొడుకు వచ్చి అడుగుతాడు."

వేణుగోపాల్ మూటనూ, ముళ్లనూ చూశాడు. చేతిలోకి తీసుకున్నాడు.

"నాయన పెట్టిన తావులోనే పెడతాలే యేసన్నా" అన్నాడు.