అడగకుండా తీసుకున్న చదువు

జొన్నరొట్టె తట్టేటప్పుడు రెండు చేతులకూ పని ఉంటుంది, కళ్ళకు సగం పని ఉంటుంది, చెవులకు మాత్రం ఏ పనీ ఉండదు. నీలిమ ఆ సంగతి కనిపెట్టి రెండేళ్ళయింది. అప్పటినుంచి పొద్దున్నే పొయ్యి ముందుకు వచ్చేటప్పుడు కుడిచెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటుంది. ఎడమచెవిని ఇంటికి వదిలేస్తుంది. ఆరోజు కుడిచెవిలో ఎవరో మాస్టారు స్టాటిస్టిక్స్ పాఠంలో ప్రామాణిక విచలనం గురించి చెబుతున్నాడు. ఎడమచెవి వైపు నుంచి మొగుడు గిరీష్ టవల్ అడుగుతున్నాడు. మాస్టారు మంచి పట్టులో ఉండటం వల్ల ఆమెకు టవల్ మాట వినపడలేదు.

"చెవిల గది పెట్టుకున్నంక ఇంట్ల మనుషులు మనుషుల తీరు కనిపిస్తలేరా నీకు?" అంటూ గిరీష్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. టవల్ అతని వెనకే తీగ మీద ఉంది. నీలిమ పాఠం ఆపి, పిండి చేతులతోనే వెళ్ళి టవల్ తెచ్చి ఇచ్చి, వచ్చి కూర్చుని పాఠాన్ని అర నిమిషం వెనక్కి జరిపింది. ఈ వెనక్కి జరపడం అనేది ఆమెకు చాలా ఇష్టం. పందొమ్మిదేళ్ళ కాపురంలో, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచి చెప్పినవాడు ఆ మాస్టారు ఒక్కడే.

తాండూరు బజారులో సోమేశ్వర్ స్టీలు సామాన్ల దుకాణం అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆ ఇంటికి నీలిమ కోడలై వచ్చేనాటికి వికారాబాద్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. లెక్కల్లో క్లాసుకే మొదటిది. "మా ఇంట్ల సదివి ఉద్యోగం చేసే అక్కెర ఎవ్వరికి లేదమ్మా" అని మామ సోమేశ్వర్ నవ్వుతూ చెప్పాడు. అందులో కోపం లేదు, కాబట్టి ఎదురు చెప్పడానికి ఏ అంచూ దొరకలేదు. చదువు ఆగిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం గిరీష్ భోజనం చేసి నిద్రపోయే మూడు గంటలూ దుకాణంలో కూర్చునేది నీలిమే. గిన్నెల ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టేదీ, ఆర్డర్లు చూసుకునేదీ ఆమే. ఎవరైనా వస్తే గిరీష్ మాత్రం "దుకాణం మొత్తం ఆన్‌లైన్ల పెట్టినం, టైమ్‌తోని పాటు నడవాలె గదా" అంటాడు. అదే ఫోన్. అందులో ఆమె గిన్నెల ఫోటోలు పెడితే వ్యాపారం. పాఠం వింటే పిచ్చి. "మా ఇంటామెకు ఫోన్ పిచ్చి పట్టింది" అని అతను నలుగురిలో నవ్వేవాడు. నలుగురూ నవ్వేవారు. మొదట్లో ఆమె కూడా నవ్వేది.

అసలు ఇదంతా కూతురు సింధుజ వల్ల మొదలైంది. ఎనిమిదో తరగతి లెక్క ఒకటి రాక ఏడుస్తుంటే, ఫోన్‌లో వెతికి చూసి ఇద్దరూ కలిసి చేశారు. సింధుజ లెక్క అయిపోగానే ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. నీలిమ మాత్రం ఆ తర్వాతి పాఠం కూడా చూసింది. దాని తర్వాతది కూడా. వారం తిరిగేసరికి ఇంటర్ లెక్కలు దాటిపోయింది. నెల తిరిగేసరికి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. ఆమె తీసుకున్న గ్రూపుకు స్టడీ సెంటర్ వికారాబాద్‌లో. పుస్తకాలు ఫోన్‌లోకే వచ్చాయి. అవి అర్థం కాని చోట వేరే విశ్వవిద్యాలయాల వాళ్ళు అందరికీ వదిలిపెట్టిన పుస్తకాలు, వీడియోలు వెతుక్కుంది.

అలా దొరికిన ఒక పుస్తకం మొదటి పేజీలో ఒక వాక్యం ఉంది. ఈ పుస్తకాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులతో పంచుకోవచ్చు, ముందుగా అనుమతి అడగనవసరం లేదు అని. నీలిమ దాన్ని మూడుసార్లు చదివింది. పుట్టింటికి పోవాలంటే అడగాలి. చీర కొనాలంటే అడగాలి. ఆదివారం క్లాసుకు వికారాబాద్ పోవాలంటే శుక్రవారం నుంచే అడగడం మొదలుపెట్టాలి. "అడిగితే ఎన్నడన్నా కాదన్నమా?" అని అత్త కౌసల్యమ్మ అంటుంది. నిజమే, ఎక్కువసార్లు కాదనలేదు. కానీ అడిగిన ప్రతిసారీ గొంతులోకి ఏదో ఒక వినయం తెచ్చిపెట్టుకోవలసి రావడం, అవును అనేదాకా వాళ్ళ మొహాల్లోకి చూస్తూ నిలబడవలసి రావడం, ఇవి కాదనడం కన్నా ఏం తక్కువ? ఇంత జ్ఞానం రాసిపెట్టి, అడగకుండా తీసుకో అని ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో అంటున్నాడు.

మార్చుకోవచ్చు అన్నాడు కదా, మార్చింది. ఆ పుస్తకంలోని ఉదాహరణలు తీసేసి, తాండూరు కందుల ధరలు, చెంబుల బరువులు పెట్టి పాఠాలు మళ్ళీ రాసుకుంది. పంచుకోవచ్చు అన్నాడు కదా, తన గొంతుతో రికార్డు చేసి స్టడీ సెంటర్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. గ్రూపులో నలభై మంది దాకా ఉన్నారు. వాళ్ళలో బొంరాస్‌పేట నుంచి అంబిక అనే ఆమె రోజూ గొంతు రికార్డు చేసి పంపేది. వాళ్ళ మామ మల్లప్పకు పెద్ద మంద ఉంది. గొర్లను తోలుకుపోయే వంతు వారంలో నాలుగు రోజులు అంబికదే.

"అక్కా, గుట్ట మీదికెక్కితే సిగ్నల్ మస్తుగుంటది. గొర్లు మేస్తుంటయ్, నేను నీ పాఠం ఇంటుంట. ఒక్కటి అడుగుతా, నవ్వకు. మంద ఒక్కకాడ దగ్గర దగ్గర మేస్తే విచలనం తక్కువ, ఎటుబడితె అటు చెదిరితే ఎక్కువ. గంతే గదా?"

నీలిమ నవ్వలేదు. "గంతే చెల్లె. నేను చెప్పిన దానికన్న నువ్వే మంచిగ చెప్పినవ్" అని జవాబు పెట్టి, మర్నాటి పాఠంలో గొర్రెల మందనే ఉదాహరణగా చెప్పింది. గ్రూపులో ఎవరో "మేడమ్, మీరు ఏ కాలేజీలో లెక్చరర్?" అని అడిగారు. ఆ మెసేజీని ఆమె ఎవరికీ చూపించలేదు. రోజులో రెండు మూడుసార్లు తానే తెరిచి చూసుకుంది.

పరీక్షల తేదీలు వచ్చాయి. నీలిమ వాటిని రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. నెల తర్వాత, పెద్దరోడ్డు మీద తెరవబోయే తమ కొత్త షోరూమ్‌కు ఇంట్లోవాళ్ళు ముహూర్తం పెట్టారు. సరిగ్గా స్టాటిస్టిక్స్ పరీక్ష రోజే, పగలు పదకొండు దాటాక. నీలిమ పంతులుగారికి తానే ఫోన్ చేసింది. అదే రోజు పొద్దున్నే ఆరున్నరకు కూడా మంచి ముహూర్తమే ఉందని ఆయన చెప్పాడు. ఆ మాట గిరీష్‌కు చెప్పింది.

"ఆరున్నరకు ఎవడొస్తడు? వ్యాపారస్తులంత పదకొండింటికే వస్తరు. పరీక్షదేముంది, ఆర్నెల్లకోసారి వస్తనే ఉంటది" అన్నాడు గిరీష్.

"పక్కన పెండ్లాం లేకుంటే పీట మీద వాడొక్కడే కూసుంటడా? నలుగురు ఏమనుకుంటరు?" అంది కౌసల్యమ్మ.

సోమేశ్వర్ మాత్రం ఎప్పటిలాగే మెత్తగా, "నీకు ఏం తక్కువ చేసినమమ్మా?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆమెను రెండురోజులు వదల్లేదు. దుకాణంలో గిన్నెలు సర్దుతూ ఆలోచించింది. తిండికి తక్కువ లేదు, బట్టకు లేదు, బంగారానికి లేదు. ఏం తక్కువైందో చెప్పమంటే ఆమె దగ్గర చూపించడానికి వస్తువేదీ లేదు. తర్వాత తట్టింది, ఆ ప్రశ్నలోనే ఉంది జవాబు. ఎక్కువైనా తక్కువైనా చేసేది వాళ్ళు. అందుకునేది తాను. తనంతట తాను చేసుకున్నది ఈ ఇంట్లో ఏమిటి? ఈ చదువొక్కటే.

"నేను పరీక్ష రాయనీకి పోతున్న. ఆరున్నర ముహూర్తమైతే పక్కన కూసుంట. పదకొండు అంటే కుదరదు" అని ఆమె చెప్పింది. ఈసారి గొంతులో వినయం తెచ్చిపెట్టుకోలేదు. కోపం కూడా లేదు. రైలు టైము చెప్పినట్టు చెప్పింది. వాళ్ళు పదకొండుకే ఉంచారు, ఆఖరికి ఆమే దిగివస్తుందని.

ఆరోజు పొద్దున నీలిమ తలస్నానం చేసి, పూజకు కావలసినవన్నీ పళ్ళెంలో సర్ది పెట్టి, హాల్‌టికెట్ తీసుకుని ఇంట్లోంచి బయటికి నడిచింది. సింధుజ గేటు దాకా వచ్చి, "అమ్మా, మంచిగ రాయి" అంది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆమె పాఠాలేవీ తిరగేయలేదు. అన్నీ వచ్చు. బయట కంది చేలు వెనక్కి పోతుంటే ఊరికే చూసింది.

పరీక్ష కేంద్రం గేటు దగ్గర ఎర్రచీర కట్టుకున్న ఒకామె ఆమెకేసి చూసి, "అక్కా, నీ గొంతు ఒక్కసారి ఇనిపియ్యి, నువ్వు నీలిమక్కవేనా సూస్త" అంది.

"నేనే అంబికా."

"అయ్యో, గదే గొంతు!" అంటూ అంబిక ఆమె చేతులు రెండూ పట్టేసుకుంది. పరిగి మీదుగా రెండు బస్సులు మారి వచ్చిందట. "ఇయ్యాల గొర్ల ఎంబడి మా మామనే పోయిండు. పాస్ కాకుంటే సూడు అన్నడు" అని చెప్పి పకపకా నవ్వింది. లోపలికి పోయేదాకా ఇద్దరూ గేటు పక్కన నిలబడి సూత్రాలు ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు.

ప్రశ్నపత్రం చూడగానే నీలిమ చేతికి పెన్ను తేలికైంది. మూడు గంటలు ఎవరూ ఆమెను ఏదీ అడగలేదు, ఎవరూ పిలవలేదు. పెళ్ళయ్యాక అన్ని గంటలు తనకోసమే కూర్చోవడం పరీక్ష హాల్లోనే కుదిరింది.

బయటికి వచ్చి ఫోన్ తెరిస్తే గిరీష్ మెసేజ్ ఉంది. "నీకు పానం బాగలేదని అందరికి చెప్పిన. దవాఖానకు పోయినవన్న. వచ్చినంక గదే చెప్పు."

తిరుగు రైల్లో ఆమె ఆ మెసేజ్ గురించే ఆలోచించింది. పెళ్ళాం పరీక్షకు పోయిందని చెప్పడం కన్నా రోగం వచ్చిందని చెప్పడమే అతనికి మర్యాదగా అనిపించింది. రోగమైతే జాలిపడతారు. చదువైతే, మొగుడి మాట వినలేదంటారు. పాపం, అతనికి ఉన్న దారి అదొక్కటే అనుకుంది. తనకు మాత్రం ఇంకో దారి ఉంది.

ఆమె షోరూమ్ చేరేసరికి మూడు దాటింది. భోజనాలు ఇంకా నడుస్తున్నాయి. గిరీష్ కొత్త పంచెలో, నుదుట బొట్టుతో అతిథుల మధ్య నిలబడి ఉన్నాడు. ఆమెను ముందుగా చూసింది పప్పు మిల్లు వాళ్ళ అరుణాదేవి.

"అయ్యో నీలిమా, గిట్ల ముహూర్తం నాడే పానం బాగలేకపాయె. డాక్టర్ ఏమన్నడు? బీపీనా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. గిరీష్ ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. కౌసల్యమ్మ చేతిలో గరిటె ఆగింది.

"నాకేం కాలేదు పిన్నీ. నేను దవాఖానకు పోలే" అంది నీలిమ, అందరికీ వినబడేటట్టు. "డిగ్రీ పరీక్ష రాసొచ్చిన. మంచిగ రాసిన."

అరుణాదేవి దగ్గరికి జరిగి, "డిగ్రీనా? ఈ వయసుల చేర్చుకుంటరా? ఫోన్లనే చదవొచ్చా?" అని గొంతు తగ్గించి అడిగింది. "మా కోడలుకు గాదు, నాకే అడుగుతున్న."

"మీ ఫోన్ ఇయ్యుండ్రి పిన్నీ, ఎట్లనో చూపిస్త" అంది నీలిమ.

గిరీష్ దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున, "లోపటికి రా, మాట్లాడాలె" అన్నాడు.

"ఈడనే చెప్పుండ్రి" అంది నీలిమ. "అట్లనే ఇంకోటి. ఎల్లుండి ఎకనామిక్స్ ఉన్నది. ఆరోజు నాకు ఏం రోగం వచ్చిందని చెప్తరో ఇప్పుడే అనుకోండ్రి."

అరుణాదేవి ముందుగా నవ్వింది. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఈసారి నలుగురూ ఎవరిని చూసి నవ్వుతున్నారో గిరీష్‌కు అర్థమయ్యేలోపే, నీలిమ ఒక విస్తరి ముందు ఖాళీ చూసుకుని కూర్చుంది. ఆమెకు చాలా ఆకలిగా ఉంది.