చెన్నరాయునికి గేటు పాసు

దేవుణ్ణి మోసేవాడికి భుజం మీద కాయ కాస్తుంది. నాకు కుడి భుజం మీద ఉంది, కావాలంటే చూపిస్తాను. నాకు మీసాలు రాక ముందు నుంచీ దసరా దశమి నాడు మా చెన్నరాయస్వామి పల్లకీ ముందు కొమ్ము మోసేది నేనే. కాబట్టి ఈ గేటు సంగతిలో కోప్పడే హక్కు నాకుంది.

మా ఊరు జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో పక్కకు తిరిగితే వస్తుంది. దశమి నాడు స్వామి పారువేటకు పోతాడు. విల్లూ బాణమూ పట్టుకుని పల్లకీలో జమ్మిదిబ్బ దాకా పోతే, అక్కడ ఆయన ముందర ఒక కుందేలును వదులుతారు. ఆయన తరఫున పూజారి బాణం వేస్తాడు. అది ఏ ఏడూ కుందేలుకు తగల్లేదు, తగలాలని ఎవరూ కోరుకోలేదు. అసలు కథ గుడికి తిరిగొచ్చాక ఉంటుంది. శ్రీదేవి, భూదేవి అమ్మవార్లు అలిగి తలుపు మూసుకుంటారు. చెప్పాపెట్టకుండా ఎక్కడికి పోయావని వాళ్ల తరఫున పూజారి భార్య వనజమ్మ లోపలి నుంచి నిలదీస్తుంది. మొగుడి మాట అమ్మవార్లు నమ్మరు, సాక్షి కావాలి. ఆ సాక్షి జమాల్. కుందేలును తెచ్చి వదిలేది వాళ్ల ఇంటివాళ్లే. వాళ్ల తాత, ఆ తర్వాత నాయన, ఇప్పుడు జమాల్, చూసింది చూసినట్టు చెప్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ వాకిట్లో ఆ ఇంటివాళ్లు అబద్ధం చెప్పరు.

పోయినేడు పండగ అయ్యాక జమ్మిదిబ్బను ఒక బెంగుళూరు కంపెనీ కొనేసింది. చుట్టూ టేకు, ఎర్రచందనం నాటి, కంచె కట్టి, గేటుకు కెమెరా బిగించింది. పాసు లేనివారికి ప్రవేశం లేదని ఒక బోర్డు, వేట నిషేధమని ఇంకో బోర్డు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరయ్యా అంటే మన జమాలే! కువైట్‌లో బరువులు మోసి నడుము పోగొట్టుకొచ్చిన మనిషికి, కూర్చుని చేసే పని చుట్టుపక్కల అదొక్కటే దొరికింది.

మేనేజరు పేరు హర్ష, పులివెందుల మనిషి. మన జిల్లావాడే కదా అని మొదట్లో సంబరపడ్డాం. మెడలో కార్డు పడ్డాక ఎవడూ మన జిల్లావాడు కాడని తర్వాత తెలిసింది.

"దశమి నాడు లోపల వేట జరిగిందని తెలిసిందా, నీ ఉద్యోగం ఆ పూటకే సరి," అని జమాల్‌తో ముందే చెప్పేశాడు.

పండక్కి ముందు గుడి ధర్మకర్త ఆదినారాయణా, నేనూ గేటు దగ్గరికి పోయాం.

"ఏందప్పా జమాలూ, స్వామికి గూడా పాసు కావాల్నా?" అన్నాడు ఆదినారాయణ.

"నేనేం జేసేది మామా? ఆ కెమెరా చూస్తాంది."

జమాల్ తన ఫోన్లో పాసుల రకాలు ఒక్కొక్కటే చదివాడు. పిక్నిక్ పాసుకు డప్పులు పనికిరావు. సైకిల్ పాసుకు హెల్మెట్ ఉండాలి.

"స్వామికి కిరీటం ఉంది గదా," అన్నాను.

"పల్లకీకి చక్రాల్లేవే," అన్నాడు ఆదినారాయణ. ఆయన నిజంగానే ఆలోచిస్తున్నాడు.

చివర్లో ప్రీ వెడ్డింగ్ షూట్ పాసు వచ్చింది. గండికోటకు ఫోటోల కోసం వచ్చే జంటలకని పెట్టారు. పెండ్లికొడుకు, పెండ్లికూతురు, వెంట పాతికమంది. వేషాలు, గొడుగులు, మేళం, అలంకారానికి కత్తులూ విల్లులూ, ఒక పెంపుడు జంతువు, అన్నిటికీ కలిపి ఒకటే రేటు.

ఆదినారాయణ దాన్ని మళ్లీ ఒకసారి చదివించుకున్నాడు.

"మన స్వామిని చూసి రాసినట్టుందే!" అన్నాడు ఆదినారాయణ.

పెండ్లికొడుకు పేరు చెన్నరాయుడు. వయసు తొంభై తొమ్మిది, ఫోను అంతకు మించి ఒప్పుకోలేదు. పెండ్లికూతురికి మాత్రం ఒక్క గడే ఉంది. ఇద్దరమ్మవార్లలో ఎవరిని రాయాలో తేలక తల పట్టుకున్నాం.

"భూదేవి అని కొట్టు. భూమి సంగతే గదా ఇదంతా," అన్నాడు ఆదినారాయణ.

జమాల్ వేలు ఫోను మీద ఆగిపోయింది. "మామా, తలుపు కాడ నేను సాక్షి చెప్పాల. ఇది అబద్ధం గాదు గదా?"

"ఏటేటా కల్యాణం జేస్తాండామా లేదా? ఆయప్ప ఎప్పుడూ పెండ్లికొడుకే. కొట్టు."

కొట్టాడు గానీ ముఖం మాత్రం తేటపడలేదు.

అడవి కుందేళ్లను పట్టడం ఇప్పుడు నేరం. అందుకని జమాల్ ప్రొద్దుటూరు పోయి ఒక పెంపుడు కుందేలును కొనుక్కొచ్చాడు. తెల్లగా, బలిసి, కళ్లు ఎర్రగా ఉంది. దశమి నాడు మధ్యాహ్నం పల్లకీ, గొడుగు, డప్పులు, కుందేలుతో సహా దర్జాగా గేటు దాటాం. దిబ్బ చేరేసరికి జీపు దిగుతూ హర్ష! పాసులో పేర్లు చూసి అనుమానమొచ్చి, ఇంట్లో పూజ వదిలేసి పులివెందుల నుంచి వచ్చాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది, అతను కట్ చేస్తూనే ఉన్నాడు.

"పెండ్లికూతురు యాడ?" అన్నాడు.

"మేకప్ అవుతాంది సార్," అన్నాడు ఆదినారాయణ, కళ్లార్పకుండా.

జమాల్ కుందేలును వదిలాడు. అది పరిగెత్తలేదు. డప్పులు గట్టిగా కొట్టారు. అది కూర్చుని మూతి తుడుచుకుంది. ప్రొద్దుటూరు బజారు మోతలో పెరిగిన దానికి మా డప్పులు ఒక లెక్కా? తర్వాత నింపాదిగా పోయి కొత్తగా నాటిన ఎర్రచందనం మొక్కను కొరకడం మొదలుపెట్టింది.

"రేయ్! అది కంపెనీ మొక్క!" అని హర్ష కేక పెట్టాడు. చెప్పు తీసుకుని దాని వెంట పడ్డాడు.

అప్పుడు పరిగెత్తింది. ముందు కుందేలు, వెనక మేనేజరు, మెడలో కార్డు వీపు మీదికి ఎగురుతోంది, జేబులో ఫోను మోగుతోంది. దిబ్బ చుట్టూ తిరిగారు. నవ్వాపుకోలేక పూజారి బాణం వేస్తే అది టేకు మొక్కల మీదుగా ఎటో పోయింది. ఆఖరికి హర్ష నేల మీద బొక్కబోర్లా పడి, రెండు చేతులతో కుందేలును పట్టేశాడు. డప్పులు ఆగిపోయాయి. మా తాతల కాలం నుంచీ స్వామి కుందేలును పట్టినవాడు లేడు.

ప్యాంటు చినిగినా హర్ష పట్టు వదల్లేదు. కుందేలును చంకలో పెట్టుకుని మా వెంట గుడికి నడిచాడు. దారిలో అతను జమాల్ పక్కకు చేరాడు.

"తలుపు కాడ నువ్వేదో సాక్షి చెప్తావంట గదా. నేనూ వింటా. ఇది వేటనో, షూటింగో నీ నోటితోనే తేలిపోతాది," అన్నాడు.

గుడి తలుపు మూసి ఉంది. జమాల్ చెప్పులు విడిచి వాకిట్లో నిలబడ్డాడు.

"యాడికి పోయినాడు మీ స్వామి?" లోపలి నుంచి వనజమ్మ గొంతు. "పెండ్లి ఫోటోలు దిగను పోయినాడంట గదా, అదీ భూదేవమ్మ పేరు పెట్టుకోని! మా శ్రీదేవమ్మ ఏమైపోవాల?"

ఊరంతా నవ్వింది. జమాల్ నవ్వలేదు. తలుపు వైపు చూశాడు, మేనేజరు వైపు చూశాడు. నాకు చాలా భయమేసింది. ఈ ఉద్యోగం పోతే ఆ నడుముతో అతనికి ఇంకెవరు పనిస్తారు? 'షూటింగనే చెప్పురా' అని గొణిగాను. భుజం మీద దేవుణ్ణి పెట్టుకుని అబద్ధం చెప్పమన్నాను. అంత భయం నాది.

"వేటకే పోయినాడమ్మా," అన్నాడు జమాల్. "కుందేలును ఇడిసింది నేను. బాణం ఏసింది స్వామి. అది తగల్లేదు."

హర్ష తల ఊపాడు, దొరికిపోయావు అన్నట్టు.

"తరిమి పట్టింది మాత్రం మేనేజరు సారు," అన్నాడు జమాల్. "చూసింది చెప్తాండా తల్లీ."

అందరి కళ్లూ హర్ష చంకలో కుందేలు మీద పడ్డాయి. హర్ష కూడా దాన్ని అప్పుడే చూసినట్టు చూశాడు. తలుపు తెరుచుకుంది. వనజమ్మ బయటికొచ్చి, స్వామికి కట్టి తీసిన శేషవస్త్రం తెచ్చి, వేటగాడికి మర్యాదగా అతని తలకు చుట్టేసింది.

"నేను మొక్క కోసరం..." అన్నాడు హర్ష.

"వేట జరిగిందని కంపెనీకి రాయండి సార్," అన్నాడు ఆదినారాయణ చాలా మర్యాదగా. "వేటగాని పేరు గూడా రాయాల గదా మరి."

అప్పుడు మళ్లీ ఫోను మోగింది. ఈసారి హర్ష ఎత్తాడు. "యాడుండావు పొద్దన్నుంచి?" అన్న భార్య గొంతు పల్లకీ దాకా వినిపించింది.

"ఆఫీసు పని..."

"దసరా నాడు ఏం ఆఫీసు? నేను నమ్మాల్నా?"

హర్ష తెరిచిన గుడి తలుపు వైపు చూశాడు. ఫోను జమాల్ చేతిలో పెట్టాడు.

"వేటకు పోయినాడమ్మా," అన్నాడు జమాల్. "నేనే సాక్షి."

అవతల ఆమె చాలాసేపు మాట్లాడింది. జమాల్ ఊకొట్టి ఫోను తిరిగిచ్చాడు.

"కుందేలును, సాక్షిని పిల్చుకోని రమ్మంటాంది సార్. లేకుంటే తలుపు తీయదంట."

"అయితే రా, బండెక్కు," అన్నాడు హర్ష.

"రేపు గేటు కాడ డ్యూటీ ఉంది గద సార్?"

"ఎల్లుండి నుంచి చేద్దువులే. ముందు నన్ను ఇంట్లోకి రానీ."